ఈరన్న తడిగోనె

అది 2023 మే నెల. కర్నూలులో బళ్లారి రోడ్డు పక్కన నా షెడ్డు. పైన రేకులు, కింద ఆయిల్ తాగి నల్లబడిన నేల, ఒక మూల పెద్ద కూలర్. నేను చేసేది కార్ల కరెంటు పని. మిగతా మెకానిక్కులు బోల్టులూ బేరింగులూ చూసుకుంటే నేను వైర్లూ సెన్సర్లూ చూస్తాను. ఈ వీధిలో అందరికంటే ముందు స్కానర్ కొన్నది నేనే. స్కానర్ అంటే కారులోని కంప్యూటరుతో మాట్లాడే పలకలాంటి పరికరం. స్టీరింగ్ కింద ఉండే సాకెట్టులో దాని వైరు దూరిస్తే బండికి ఏం జబ్బు చేసిందో కోడ్ రూపంలో చూపిస్తుంది. అందుకే నా పేరు మస్తాన్ వలి అయినా అందరూ స్కానర్ మస్తాన్ అంటారు. ఆ పిలుపు వింటే నాకు ఒళ్లు పొంగిపోయేది. ఇప్పుడు అంతగా పొంగడం లేదు. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఈరన్నది ఆలూరు దగ్గర ఒక పల్లె. అరవై దాటిన మనిషి. ముప్పై ఏళ్లు ఒకే రైతు కుటుంబానికి డ్రైవరుగా పనిచేశాడు. మొదట అంబాసిడర్, తర్వాత జీపు, చివర్లో ఒక విదేశీ సెడాన్ తోలాడు. ఆ కుటుంబం బెంగళూరుకు మారిపోతూ సెడాన్‌ను ఈయన పేరిట రాసిచ్చింది. ఆ మోడల్‌ను మన దేశంలో అమ్మడం మానేసి చాలా కాలమైంది. స్పేర్ పార్టులు దొరకవు, తెలిసిన మెకానిక్కులు తక్కువ. దాంతో ఏం వచ్చినా నా దగ్గరికే తెచ్చేవాడు.

ఆయన భార్య ఉలిగమ్మకు కిడ్నీలు పాడైపోయాయి. వారానికి రెండుసార్లు కర్నూలుకు తెచ్చి డయాలిసిస్ చేయించాలి. రెండు గంటల దారి. బస్సు కుదుపులకు ఆమె ఓర్చుకోలేదు. పిల్లలు లేరు. ఆయన తోలాలి, ఆమె బతకాలి, అంతే.

ఆ రోజు పొద్దున ఎనిమిదికల్లా ఒక్కడే వచ్చాడు.

"ఏమప్పా మస్తానూ, బండి నడిమధ్య దారిలో నిలబడిపోతాండాది. రెండు వారాల నుంచి ఇదే గోల" అన్నాడు.

"మళ్లా స్టార్ట్ అయితాందా?"

"రోంత సేపుంటే అయితాది. ముందు ఉలిగమ్మను పొద్దున బ్యాచికి రమ్మంటాండిరి. అప్పుడు ఏ పీడా లేదు. ఇప్పుడు మధ్యాన్నం రెండు గంటల బ్యాచిలో ఏసినారు. పోయిన వారం రెండుసార్లూ ఆలస్యమాయె. నాలుగు గంటలు మిషన్ మీద ఉండాల్సింది, రెండు గంటలకే దించిరి. కాళ్లు శానా ఉబ్బినాయప్పా. పండుకుంటే ఊపిరాడదు, రాత్రంతా గోడకానుకొని కూచుంటాది."

చూశారా, ఆ నాలుగు మాటల్లో జబ్బు మొత్తం చెప్పేశాడు. పొద్దున తోలితే నిలబడదు, ఎండలో తోలితే నిలబడుతుంది. డాక్టరు దగ్గరికి వచ్చిన రోగి ఇంత చక్కగా చెప్పడు. నేను మాత్రం "సరే చూద్దాం లేన్నా" అని అప్పటికే స్కానర్ వైరు విప్పుతున్నాను.

స్కానర్ ఒక్క కోడ్ కూడా చూపలేదు. ఫ్యూయల్ రైల్‌కు, అంటే ఇంజిన్ పక్కన పెట్రోలు పంచిపెట్టే గొట్టానికి, ప్రెషర్ గేజ్ బిగించాను. ప్రెషర్ సరిగ్గా ఉంది. కారును రేకుల నీడలో, కూలర్ గాలిలో గంటసేపు స్టార్టింగ్‌లో ఉంచాను. కదలకుండా, వణకకుండా నడిచింది. వెనక సీటు దగ్గర చెవి పెడితే మాత్రం ఫ్యూయల్ పంపు సన్నగా మూలుగుతోంది. ఈ కార్లలో పంపు వెనక సీటు కింది ట్యాంకులోనే, పెట్రోల్లో మునిగి ఉంటుంది. పాతబడిన పంపు వేడికి పట్టేయడం నేను ఎన్నోసార్లు చూసిన జబ్బే. పంపు మారిస్తే సరిపోతుందని తేల్చేశాను.

సీటు ఎత్తడానికి ముందు డిక్కీ తెరిచాను. గుప్పున తడివాసన. ఎడమపక్కన నాలుగు మడతలు పెట్టిన గోనెసంచి, ఇంకా చెమ్మగానే ఉంది.

"ఇదేందన్నా?"

"అదే మందు" అన్నాడు ఈరన్న కొంచెం సిగ్గుపడుతూ. "అంబాసిడర్ తోలేటప్పుడు ఎండకు పంపు వేడెక్కితే తడిగుడ్డ ఏస్తాంటిమి గదా. పంపు యాడుంటే ఆడ ఎయ్యల్ల. దీనికి పంపు వెనకాల ఉండాదని చెప్పిరి. అందుకే ఈడ పరుస్తాండా. పావుగంటకు లేస్తాది."

ఆ పద్ధతి తెలియని పాత డ్రైవరు మన సీమలో లేడు. అంబాసిడర్‌కు ఇంజిన్ పక్కనే పంపు ఉండేది. ఎండ దెబ్బకు అందులోని పెట్రోలు ఆవిరైపోయి బండి మొరాయించేది. తడిగుడ్డ చుట్టి, బీడీ కాల్చుకుని, మళ్లీ సెల్ఫ్ కొట్టేవాళ్లు. ఆ కాలానికి అది సరైన పనే. అయితే డిక్కీలో గోనె పరిస్తే సీటు కింద ట్యాంకులో మునిగి ఉన్న పంపు ఎట్లా చల్లబడుతుంది?

"ఈరన్నా, నువ్వింకా అంబాసిడర్ దిగలేదే!" అన్నాను. షెడ్డులో టీ తాగుతున్న ఇద్దరు ట్యాక్సీ డ్రైవర్లు పడీపడీ నవ్వారు. ఈరన్న కూడా నవ్వాడు. నేను ఆ గోనెను తీసి చెత్తకుప్ప మీదికి విసిరేశాను.

తడిగోనె పంపును చల్లబరచదు. ఆ లెక్కలో తప్పు లేదు. అయితే గోనె పరిచిన ప్రతిసారీ బండి లేస్తోంది కదా, మరి అది చల్లబరుస్తున్నది దేన్ని? ఆ ప్రశ్న నాకు రాలేదు. రాకపోవడానికి నా చదువు తక్కువై కాదు, నా పొగరు ఎక్కువై.

ఇంకో మోడల్‌ది దీనికి సరిపోయేది దొరికితే కొత్త పంపు వేశాను. సాయంత్రం చల్లబడ్డాక ఊరి బయటిదాకా తోలి చూశాను. బ్రహ్మాండంగా నడిచింది. ఈరన్న రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి వెళ్లాడు.

రెండు రోజుల తర్వాత, మధ్యాహ్నం పన్నెండున్నరకు ఫోను. నేను ఇంకో కారు డాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకుని ఉన్నాను.

"మస్తానూ, నిలబడిందప్పా. కోడుమూరు ఇంకా రాలేదు. ఉలిగమ్మ బండిలోనే ఉండాది."

"కొత్త పంపు ఏసినా కదన్నా, ఏంటికి నిలబడుతుంది? బ్యాటరీ టెర్మినల్ ఊడదీసి, పది నిమిషాలాగి తగిలించు."

"సంచి లేదు. ఏదన్నా గుడ్డ తడిపి ఏసేదా?"

"అబ్బా, ఆ తడిగుడ్డల పిచ్చి మానుకో అన్నా! డిక్కీలో నీళ్లు పోసి ఉన్న వైరింగు కూడా కాల్చుకుంటావు. నేను చెప్పింది చెయ్యి."

"సరేప్పా" అన్నాడు.

మళ్లీ ఫోను రాలేదు. మా పనిలో ఫోను రాలేదంటే బండి బాగుపడినట్టే లెక్క. నేను తిరిగి చేయలేదు. ఆ మధ్యాహ్నం భోంచేసి కూలర్ ముందు కాసేపు కునుకు కూడా తీశాను.

రెండు వారాలు గడిచాయి. ఒకరోజు మిట్టమధ్యాహ్నం ఈరన్న కారు షెడ్డు ముందు, నీడలోకి రాకుండా ఎండలోనే ఆగింది. దిగిన మనిషిని చూస్తే గుండు నున్నగా ఉంది, మీసం లేదు.

"ఏమన్నా, చెప్పకుండా తిరపతి పోయొచ్చినావా? లడ్డు యాడ?" అన్నాను.

"లేదప్పా. ఉలిగమ్మ పోయింది" అన్నాడు.

ఆ మాట నా నోట్లోంచి ఎందుకు వచ్చిందా అని ఈరోజుకీ నాలుక కొరుక్కుంటాను. పిల్లలు లేని ఇంట్లో భార్యకు కర్మ చేయాల్సింది మొగుడే. ఆ గుండు ఎందుకో ఒక్క క్షణం ఆలోచించి ఉంటే తెలిసేది.

ఆయనే కూర్చుని చెప్పాడు. టెర్మినల్ తీశాడు, పెట్టాడు. పది నిమిషాలు, ఇంకో పది నిమిషాలు. బానెట్ మీద చెయ్యి ఆనడం లేదు. చుట్టూ తలదాచుకోవడానికి ఒక కంపచెట్టు కూడా లేదు. గంటన్నర తర్వాత బస్సు వస్తే ఆపి, కండక్టరూ ఈయనా కలిసి ఆమెను ఎక్కించారు. ఆసుపత్రి చేరేసరికి ఆమె మిషన్ మీద ఇంకొకరు ఉన్నారు. మిగతావన్నీ నిండిపోయాయి. ఆక్సిజన్ పెట్టి, తెల్లవారి మొదటి బ్యాచిలో వేస్తామన్నారు. ఒంట్లో అప్పటికే నీరు నిండిపోయి ఉంది. మొదటి బ్యాచి మొదలుకాకముందే ఆమె ప్రాణం పోయింది.

"ఈడికి రాకుంటే ఫోనన్నా చేయరాదా అన్నా" అన్నాను. అది కూడా తప్పు మాటే.

"చేసి ఏం చేసేది? ఇదో, బండి తెచ్చినా. దారిలో రెండుసార్లు నిలబడింది. నువ్వు ఎప్పుడూ ఇది నిలబడినప్పుడు సూడలేదు గదా. ఇప్పుడు సూడు. నేను మంచి పెట్రోలు కొట్టించలేదో, తోలేది చాతగాక ఇట్లయిందో, నాకు తెలియల్ల. తెలీకుంటే నాకు కన్ను మూతపడదు మస్తానూ."

ఆ క్షణంలో ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండుననిపించింది. తిట్టలేదు. తన తప్పేమిటో కనుక్కోమని నా దగ్గరికే వచ్చాడు.

గేజ్ గొట్టాన్ని రైల్‌కు బిగించి, గేజ్ ముఖం లోపలికి కనిపించేలా ముందద్దానికి టేపుతో అంటించాను. ఆయన తోలుతుంటే నేను పక్కన కూర్చున్నాను. ఆలూరు దారిలోనే పోనిమ్మన్నాను. ఇరవై నిమిషాల తర్వాత గేజ్ ముల్లు ఒక్కసారి వణికి, సున్నాకు పడిపోయింది. ఇంజిన్ రెండు కుదుపులు కుదిపి ఆగిపోయింది.

పనిలో పడ్డాను. ఫ్యూజు బాగుంది, రిలే బాగుంది. సీటు ఎత్తి పంపు వైర్లకు మల్టీమీటర్ పెట్టి, ఈరన్నను సెల్ఫ్ కొట్టమన్నాను. మల్టీమీటర్ కరెంటు కొలిచే పరికరం. సున్నా చూపింది. అంటే పంపు చావలేదు, దానికి కరెంటు రావడం లేదు. పాత పంపుదీ తప్పు కాదన్నమాట. అనవసరంగా దాన్ని పీకి పారేశాను.

ఈ మోడల్‌లో పంపుకు కరెంటు నేరుగా రాదు. మధ్యలో ఫ్యూయల్ పంప్ కంట్రోల్ మాడ్యూల్ అని అరచేతంత పెట్టె ఉంటుంది. ఇంజిన్ కంప్యూటరు 'ఇంత పెట్రోలు కావాలి' అంటే, పంపుకు ఎంత కరెంటు వదలాలో ఇది చూసుకుంటుంది. దీనికి జబ్బు చేస్తే ఈ కార్లలో కోడ్ కూడా పడదు, తన నొప్పి తాను చెప్పుకోలేదు. అది ఎక్కడుందని వైరు పట్టుకుని వెతుక్కుంటూ పోతే డిక్కీలో తేలాను. ఎడమపక్కన.

కార్పెట్ మీద గోనె అచ్చు పడి ఉంది. రోజుల తరబడి తడిసి ఆరి, నాలుగు పలకలుగా, గోనె అల్లికతో సహా మరక కట్టింది. ఆ మరక కింద కార్పెట్ ఎత్తితే సరిగ్గా అక్కడే మాడ్యూల్. ముట్టుకుంటే వేలు చుర్రుమంది. దానికి పన్నెండు వోల్టులు వస్తున్నాయి, ఎర్త్ బాగుంది, ఇంజిన్ కంప్యూటరు ఆజ్ఞా వస్తోంది. దాన్నుంచి పంపుకు పోయే వైరులో మాత్రం ఏమీ లేదు. కారు కిందికి దూరి చూస్తే, సైలెన్సర్ వేడి పైకి తగలకుండా అడ్డుండే రేకు, హీట్ షీల్డ్, పల్లె గతుకులకు ఎప్పుడో ఊడిపోయింది. కింద సైలెన్సర్, పైన మే నెల ఎండ, మధ్యలో ఈ పెట్టె. లోపలి అతుకులు వేడికి విడిపోతాయి, చల్లబడితే మళ్లీ అంటుకుంటాయి. పొద్దున బ్యాచికి తోలినన్నాళ్లూ ఏ పీడా లేకపోవడానికి కారణం అదే.

ఆఖరి పరీక్ష ఒకటి మిగిలింది. భుజం మీది తువ్వాలు తీసి, "నీళ్లున్నాయా అన్నా?" అని అడిగాను.

ఈరన్న ముందు సీటు కిందినుంచి ఒక ప్లాస్టిక్ సీసా తీశాడు. సీసా నడుముకు ఎర్రదారం కట్టి ఉంది. డయాలిసిస్ వాళ్లు నీళ్లు కొలిచి తాగాలి. నిండు సీసాలో ఆ దారం దాకా తాగడమే ఉలిగమ్మకు ఒక రోజు లెక్క. సీసాలో నీళ్లు సరిగ్గా ఆ దారం దగ్గర ఆగి ఉన్నాయి.

"ఇవి ఆ పొద్దటివే" అన్నాడు. "బండి నిలబడినప్పుడు ఉలిగమ్మ ఈ సీసా నా చేతికిచ్చె. 'సంచి లేకుంటే నా కొంగు చించి తడిపి ఎయ్యి, ఈ నీళ్లు ఎట్లా నేను తాగేదానికి లేదు' అనె. నేను వద్దంటి. మస్తాను వద్దన్నాడు, తెలిసినోని మాట వినల్ల అంటి. ఇంగ ఆయమ్మ సీసా తీసుకొని సీటు కింద పెట్టేసె."

ఆయనే మూత తీసి ఆ నీళ్లు నా తువ్వాలు మీద పోశాడు. మాడ్యూల్ మీద తువ్వాలు వేసి ఇద్దరం కారు నీడలో నిలబడ్డాం. ఈ బండి లేవకూడదు, లేవకపోతే బాగుండు అని మనసులో అనుకున్నాను. ఒక మెకానిక్ అలా అనుకోవడం నాకు తెలిసి అదే మొదలు.

పది నిమిషాల తర్వాత ఈరన్న తాళం తిప్పాడు. వెనకనుంచి పంపు జుమ్మంది. గేజ్ ముల్లు పైకి లేచింది. ఇంజిన్ స్టార్ట్ అయింది.

ఆయన దిగి నా దగ్గరికి వచ్చాడు.

"ఆ పొద్దు ఈ నీళ్లు పోసింటే లేసేదా మస్తానూ?"

మా వృత్తిలో ఇలాంటప్పుడు చెప్పే మాటలు బోలెడు. ఒక్కోసారి లేస్తుంది, ఒక్కోసారి లేవదు అనొచ్చు. ఎలక్ట్రానిక్స్ విషయం ఎవరికి తెలుసు అనొచ్చు. అవన్నీ నాలుక చివరి దాకా వచ్చాయి. ఆయన మొహం చూశాక ఒక్కటీ బయటికి రాలేదు.

"లేసేదన్నా" అన్నాను. "నీ పెట్రోలు తప్పు లేదు, నువ్వు తోలింది తప్పు లేదు. నేను వద్దనింది తప్పు."

ఆయన డిక్కీలోకి వంగి ఆ మరక మీద చెయ్యి పెట్టాడు. "అయితే ఆయమ్మ చెప్పిందే రైటు" అన్నాడు. "ముప్పై ఏండ్లు బండి తోలినా, నా చేతి పని నేను నమ్మలేదు. ఆయమ్మ నమ్మె." అప్పుడు ఏడ్చాడు. రోడ్డు పక్కన, ఇంజిన్ నడుస్తుండగా. నేనూ ఏడ్చాను.

మాడ్యూల్ బెంగళూరులో పాత కార్లు విప్పి అమ్మే ఒకాయన దగ్గర దొరికింది. బిగించగానే పనిచేసే వస్తువు కాదు అది. ఈ కారు నంబరును దానికి నేర్పాలి, ప్రోగ్రామింగ్ అంటాం. స్కానర్‌తో ఆ పని చేశాను. సైలెన్సర్ పైన కొత్త రేకు కత్తిరించి బిగించాను. తర్వాత వరసగా మూడు రోజులు, మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా, నేనే ఆ కారును కోడుమూరు దాటి తోలి వచ్చాను. ఒక్కసారి కూడా ఆగలేదు. మొదటిసారే ఇలా ఒక్క మధ్యాహ్నం తోలి ఉంటే ఉలిగమ్మ ఆ రోజు వేళకు మిషన్ ఎక్కేది. ఆమె ఎన్నాళ్లు బతికేదో నాకు తెలియదు. ఆ వారం మాత్రం బతికేది.

ఇప్పుడు నా దగ్గరికి బండి వస్తే స్కానర్ ఆఖరున తీస్తాను. ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టి రెండు సంగతులు అడుగుతాను. ఏ వేళకు ఆగుతుంది? ఆగినప్పుడు ఏం చేస్తే లేస్తుంది? ఒకాయన బానెట్ మీద గుద్దితే లేస్తుందంటాడు, ఇంకొకాయన దేవుడికి దండం పెట్టుకుంటే లేస్తుందంటాడు. నవ్వను. గుద్దిన చోట ఏ వైరు ఉందో చూస్తాను, దండం పెట్టుకునే లోపల ఎన్ని నిమిషాలు చల్లబడిందో లెక్క వేస్తాను. మందు వాళ్లకు తెలిసే ఉంటుంది, జబ్బు పేరు కనుక్కోవడమే నా పని. ఇంత చిన్న సంగతి నేర్చుకోవడానికి నాకు ఒక మనిషి ప్రాణం కావాల్సి వచ్చింది.

ఈరన్న ఆ కారు అమ్మలేదు. ఆలూరు వైపు నుంచి డయాలిసిస్‌కు వచ్చే ఇద్దరిని అదే మధ్యాహ్నం బ్యాచికి తెచ్చి దించి, మళ్లీ ఇంటికి చేరుస్తున్నాడు. మొన్న వేసవిలో బ్రేక్ లైటు పనిచేయడం లేదని నా దగ్గర వదిలి ఆసుపత్రికి నడిచి వెళ్లాడు. డిక్కీ తెరిచాను. ఎడమపక్కన నాలుగు మడతల గోనె, దాని పక్కనే ఎర్రదారం కట్టిన సీసా. కొత్త మాడ్యూల్‌కు ఆ గోనె అవసరం లేదు, ఆ సంగతి ఆయనకూ తెలుసు. ఎండకు గోనె సగం ఆరిపోయి ఉంది. బ్రేక్ లైటు సరిచేశాక దాన్ని కొళాయి దగ్గరికి తీసుకెళ్లి తడిపి, పిండి, ఉన్నచోటే పరిచాను.